హేవ్‌లాక్ వంతెన: చరిత్ర, పునరుద్ధరణము

భిలాయి నుండి రాయపూరు, విజయనగరముల మీదుగా కృష్ణా, గుంటూరు మండలములకు పోవు తెలుగువారు మార్గమధ్యమున గోదావరిని దాటవలసినదే. 1974వ సంవత్సరమునకు పూర్వము రాజమహేంద్రవరము వద్ద రైలు ఆ నదిని దాటుటకు ఒక్కటే వంతెన యుండెడిది. అదియే హేవ్‌లాక్ వంతెన. ఉక్కు కర్మాగారపు తొలినాళ్లలో ఉద్యోగమునకై భిలాయి చేరిన మన పెద్దలలో ఆ దారిని వచ్చినవారందరును దాని మీదుగానే వచ్చిరి. కిటికీ నుండి నదిలోనికి నాణెము విసరి, గోదావరి తల్లికి నమస్కరించి కదలివచ్చిన ఆనాటి ప్రయాణములు మన సెక్టర్ 6 కుటుంబములలో నేటికిని ముచ్చటలుగా వినవచ్చుచుండును.

1893–96 సంవత్సరముల మధ్య బెజవాడ నుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుమార్గము నిర్మింపబడినది. కాని గోదావరి యొద్ద ఆ మార్గము తెగియుండెను. ప్రయాణికులు ఒక యొడ్డున రైలు దిగి, పడవలపై నదిని దాటి, ఆవలి యొడ్డున మరల రైలెక్కవలసి వచ్చెడిది. వరద కాలమున ఆ దాటుట ఎంత ప్రయాసయో గోదావరి తీరవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ కొరత తీర్చుటకై 1897 నవంబరులో వంతెన పని ప్రారంభమైనది. కాశీలో గంగానదిపై డఫరిన్ వంతెనను కట్టిన అనుభవముగల వాల్టన్ అను ఇంజనీరు ఈ పనికి నాయకత్వము వహించెను. రాతి స్తంభములపై ఉక్కు గర్డర్లను నిలిపి, 56 ఖానాలతో, సుమారు రెండుముప్పాతిక కిలోమీటర్ల పొడవున వంతెన మూడేండ్లు నిండకుండనే పూర్తియైనది. 1900 ఆగస్టులో రాకపోకలు మొదలైనవి. నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు దీనికి పెట్టబడినది. అటుపిమ్మట మద్రాసు, హౌరాల నడుమ రైళ్లు నిరాటంకముగా నడచుటకు వీలు కలిగెను.

వంతెనపై ఉన్నది ఒకే దారి. రాకపోకలు పెరిగినకొలది అది చాలకపోయెను. 1974లో రోడ్డు, రైలు రెండును గల రెండవ వంతెన వచ్చినది. 1997లో కాంక్రీటు కమానుల వంతెనపై రైళ్లు నడువగా, పాత వంతెన తొంబది యేడేండ్ల సేవానంతరము విశ్రాంతి పొందినది. ఈ మధ్యకాలమున 1953, 1986 సంవత్సరముల మహావరదలకును అది తట్టుకొని నిలిచినది.

రైళ్లు నిలిచిపోయిన వంతెనను పాత ఇనుముగా అమ్మివేయుటయా, చారిత్రక సంపదగా నిలుపుకొనుటయా అను ప్రశ్న సహజముగా పుట్టును. నిలుపుకొనుటకే నిర్ణయము జరుగుట సంతోషము. 2025 జూన్ 26వ తేదీన 94.44 కోట్ల రూపాయల అఖండ గోదావరి పథకమునకు రాజమహేంద్రవరమున శంకుస్థాపన జరిగినది. హేవ్‌లాక్ వంతెనను పర్యాటక స్థలముగా తీర్చుట అందు ముఖ్యాంశము.

అయితే పాత వంతెనకు మెరుగు పెట్టుట వేరు, దానిని బాగుచేయుట వేరు. ఇందుకు గుజరాతులోని మోర్బీ ఒక విషాద నిదర్శనము. అచట మచ్చు నదిపై 1879లో కట్టిన వ్రేలాడు వంతెన యొకటి యుండెను. ఏడు నెలలు మూసి, మరమ్మతులు చేసి, 2022 అక్టోబరు 26న దానిని మరల తెరచిరి. నాలుగు దినములకే అది కూలి 135 మంది మరణించిరి. నడచు చెక్కల స్థానమున అల్యూమినియము పలకలు వేసిరేగాని, వంతెనను మోయు ప్రధానమైన ఉక్కు త్రాళ్లను మార్చలేదు. ఒక త్రాటిలోని 49 తీగలలో 22 తీగలు ప్రమాదమునకు ముందే తుప్పుపట్టి తెగియుండవచ్చునని విచారణలో తేలినది. పాత వ్రేలాడు కడ్డీలకే క్రొత్త కడ్డీలను వెల్డింగుతో అతికినట్లును వెల్లడియైనది.

వ్రేలాడు వంతెనకు త్రాడే ప్రాణము. అది తెగినచో మొత్తము వంతెన నదిపాలగును. హేవ్‌లాక్ వంతెన నిర్మాణము అట్టిది కాదు. దానిలో ఒక్కొక్క ఖానాకు గర్డర్లు వేరువేరుగా స్తంభములపై నిలిచియున్నవి. అందుచేత ఒకచోటి దోషము వంతెన నంతటిని కూల్చదు. రైలు బరువునకై చేసిన గర్డరుకు, అది దృఢముగా ఉన్నంతవరకు, మనుష్యుల బరువు పెద్ద భారము కాదు. కాని ఆ దృఢత్వమును ఊహించుకొనరాదు, పరీక్షించి తెలిసికొనవలెను. రైళ్లు నడచునంత కాలము వంతెనకు తనిఖీ, రంగు, రివెట్ల పరీక్ష నియమముగా జరుగును. రైళ్లు ఆగినపిమ్మట ఆ నియమము సడలును, తుప్పు మాత్రము ఆగదు. రంగుచాటున అది ఎంత లోపలికి తినివేయునో ఉక్కుతో నిత్యము పనిచేయు మన భిలాయివారికి తెలియనిది కాదు.

కావున అలంకారములకు ముందు నీరు నిలుచు అతుకులు, రివెట్లు, గర్డర్ల క్రింది ఆనికలు, ప్రవాహము కోసివేయు స్తంభముల అడుగులు ఒక్కొక్కటిగా పరీక్షింపబడవలెను. ఎందరు ఒక్కసారి వంతెనపై నిలువవచ్చునో నిర్ణయించి, పండుగ దినములలోను, పుష్కరములలోను ఆ కట్టుబాటును పాటింపవలెను. ఈ పనికి అగు ఖర్చు చూపరుల కంటికి కనబడదు. అయినను వంతెనను నిలుపునది అదియే.

ముందు తరములవారు గోదావరి గాలిని అనుభవించుచు ఆ వంతెనపై నిర్భయముగా నడచి, తమ పెద్దలు ఈ దారినే దూరదేశమునకు బ్రతుకుతెరువుకై పోయిరని చెప్పుకొను శుభదినము త్వరలో వచ్చుగాక!