రజతకాచ చరిత్రము

వెండిని ఆభరణముగా ధరించుటయు, నాణెముగా మార్చుటయు, దేవతామూర్తులకు కవచముగా తొడుగుటయు సర్వజనవిదితములే. కాని అదే లోహమును లేశమాత్రముగా గాజులో కరగించినప్పుడు దాని ధవళకాంతి అంతరించి పసుపు, ఊదా, నీలము, కపిలము మొదలగు వర్ణములు జనించుననియు, వానిలో ఏది ఎప్పుడు పొడచూపునో నిర్ణయించునది వెండి పరిమాణమొక్కటియే కాక దానిని తాకు జ్వాలయొక్క స్వభావమనియు ఎఱిగినవారు కొలదిమందియే. నేడు జ్వాలయందు పూసలను రూపొందించు శిల్పులు మక్కువతో వాడుచున్న రజతభూయిష్ఠములైన గాజుకడ్డీలు నూతనములే గాని, వాని వెనుకనున్న విద్య పదునాఱు శతాబ్దములకు పైబడినది. ఆ విద్యాచరిత్రమును పరికించినచో, లోహము ఆదినుండియు అందుబాటులోనే యుండగా, దానిని లొంగదీయు నిప్పును నేర్చుకొనుటకే ఇంతకాలము పట్టినదని తోచక మానదు.

ఈ విద్యకు లభించిన ప్రాచీనసాక్ష్యములలో అగ్రగణ్యమైనది రోమక సామ్రాజ్యమున క్రీ.శ. 4వ శతాబ్దమునందు నిర్మింపబడిన లైకర్గస్ పాత్ర. ద్రాక్షతీగలలో చిక్కుకొని పెనగులాడు థ్రేసు దేశపు రాజైన లైకర్గస్ కథ దానిపై చెక్కబడియున్నది. 1958లో బ్రిటిష్ మ్యూజియమువారు సేకరించిన ఈ పాత్ర వెలుతురు మీదబడినప్పుడు ఆకుపచ్చగాను, లోపలినుండి దీపము ప్రకాశించినప్పుడు ఎఱ్ఱగాను కనబడును. పరిశోధకులు దాని తునకను పరీక్షించి, అందు పది లక్షల పాళ్లకు సుమారు 300 పాళ్లు వెండియు, 40 పాళ్లు బంగారమును కలవనియు, ఆ రెండు లోహములు కలిసి ఏర్పడిన రేణువులు సెంటీమీటరులో లక్షవ వంతునకు మించవనియు తేల్చిరి. ఇట్టి గాజుతో చేసిన రోమక పాత్రలు అత్యంత విరళములగుటచేత, ఆ కార్ఖానాలవారికి వెండి చిక్కినది గాని వెండి రహస్యము పూర్తిగా చిక్కలేదని ఊహించుట అసంగతము కాదు.

జ్వాలను తెలిసి వాడిన తొలి కళాకారులను చూడవలెనన్న 8వ శతాబ్దపు ఈజిప్టునకు పోవలెను. అచ్చటి చిత్రకారులు వెండి, రాగి సమ్మేళనములను చల్లారిన గాజుపాత్రపై కుంచెతో పూసి, గాలి చాలక పొగ కమ్మిన కొలిమిలో దానిని రెండవమాఱు కాల్చెడివారు. ఆమ్లజనికై ఆకలిగొన్న ఆ పొగ, పూతలోని ఆమ్లజనిని హరించి లోహమును విడదీయగా, గాజుపైపొరలో ఇంకిన వెండి పసుపు, గోధుమ వన్నెల చిత్రముగా నిలిచెడిది. పాత కైరోలోని ఫుస్తాతు త్రవ్వకములలో బయల్పడిన ఒక గిన్నెపై 773వ సంవత్సర ప్రాంతమున ఆ దేశమును పాలించిన అబ్దుస్సమద్ ఇబ్న్ అలీ నామము లిఖింపబడియుండుటచేత, ఈ కళ ఆనాటికే ప్రభువుల మన్నన పొందినదని చెప్పవచ్చును. గాలిని తగ్గించుట కొలిమికి లోపము గాదనియు, అదియే యొక పనిముట్టనియు గ్రహించుట ఇచ్చటి విశేషము.

ఐరోపాలో వెండి క్రైస్తవాలయముల కిటికీలద్వారా ప్రవేశించినది. అద్దము వెనుకభాగమున వెండి సమ్మేళనమును బంకమట్టితో కలిపి పూసి కాల్చినచో, వెండి గాజులోనికి చొచ్చి, నిమ్మపండు వన్నె మొదలు కాషాయము వఱకు పలు ఛాయల పసుపునిచ్చును. నార్మండీలోని మెస్నిల్ విల్మాన్ గ్రామపు ఆలయమున 1313 నాటి కిటికీ ఇట్టి వానిలో తేదీ తెలిసిన అతిప్రాచీనమైనది. అంతకుముందు మహర్షుల శిరశ్చక్రమునకు వేఱొక గాజుముక్కను కోసి సీసపుపట్టీతో అతుకవలసి యుండగా, ఇప్పుడు ముఖమును, జుట్టును, కిరీటమును ఒకే అద్దముపై చిత్రించుట సాధ్యమయ్యెను. బొలోన్యా నగరమున నివసించిన ఉల్మ్ జేమ్స్ అను సన్న్యాసి చొక్కా వెండిగుండీ కొలిమిలో జాఱిపడుటచే ఈ పసుపు బయల్పడెనని ఐతిహ్యమొకటి కలదు. ఆయన 15వ శతాబ్దమువాడగుటచేత ఆ కథ చరిత్రకు నిలువదు. కాని బుద్ధిపూర్వకమైన శ్రమను దైవికమైన ప్రమాదముగా చెప్పుకొనుట లోకమునకెంత ఇష్టమో అది తెలుపును.

1291లో వెనీసు ప్రభుత్వము అగ్నిభయముచే కొలిములను మురానో ద్వీపమునకు తరలించిన పిమ్మట, ఆ ద్వీపమే గాజువిద్యకు పుట్టినిల్లయ్యెను. 15వ శతాబ్దపు మధ్యకాలమున అచ్చటివారు వెండిని ఇతర లోహములతో గాజున కలిపి, అగేటు రాతిని పోలిన చారలుగల కాల్సెడోనియో అను గాజును కనిపెట్టిరి. ఫ్లోరెన్సు నగరమున 1612లో అచ్చయిన ఆంటోనియో నేరీ అను పురోహితుని గాజువిద్యాగ్రంథమున వెండిని నత్రికామ్లములో కరగించి ఈ గాజున కలపు విధానములు విపులముగా చెప్పబడినవి. అయినను గ్రంథముండియు విద్య మఱుగుపడెను. 19వ శతాబ్దమున మురానోకు చెందిన లొరెంజో రాడీ దానిని పునరుద్ధరింపవలసివచ్చెను.

ఈ నడుమ పూసల వృత్తి తన దారిని తాను నడచుచుండెను. మన తెలుగునాట తిరుపతికి సమీపముననున్న పాపానాయుడుపేటలో, కొలిమిలోని గాజుముద్దనుండి సన్నని గొట్టమును లాగి, తునకలు చేసి పూసలు సిద్ధపఱచు ప్రాచీనపద్ధతి ఇటీవలివఱకు నిలిచియుండెను. దక్షిణదేశమునుండి సముద్రములు దాటిన ఎఱ్ఱని పూసలకు రంగునిచ్చినది గాలి కొఱవడిన నిప్పులో పాకమైన రాగి. వెండి చెప్పు నీతినే రాగియు చెప్పినది. దీపముపై పూసను చుట్టు పద్ధతి వేఱు. వెనీసులోను, జర్మనీలోని లౌషాలోను పనివారు నూనెదీపము ముందు కూర్చుండి, కాలితో తిత్తి నొక్కుచు, పదునైన జ్వాలలో గాజుకడ్డీ కొనను కరగించి లోహపుతీగకు చుట్టెడివారు. 1867లో లౌషాలో గ్యాసు కర్మాగారము నెలకొన్నప్పుడు పనివానికి వేడియు, వేడిపై అధికారమును రెండును పెరిగినవి.

శాస్త్రము ఆలస్యముగా వచ్చినది. 1857లో మైకేల్ ఫారడే బంగారపు సూక్ష్మరేణువులచే ఎఱ్ఱనైన ద్రవమును పరీక్షించి, రంగునకు కారణము లోహరేణువులే యని సూచించెను. జిగ్‌మాండీ అను శాస్త్రజ్ఞుడు అతిసూక్ష్మదర్శినితో కెంపుగాజులోని రేణువులను కంటికి చూపెను. 1908లో గుస్టావ్ మీ అను శాస్త్రజ్ఞుడు రేణువు పరిమాణమును బట్టి కాంతి యెట్లు చెదరునో గణితముచే నిరూపించెను. రేణువు పెరిగినకొలది రంగు మాఱునన్న సత్యమును కొలిమివారు చేతితో ముందే అనుభవించియుండిరి.

అమెరికాలో 1993లో గాజుపూసల శిల్పులు ఒక సంఘముగా ఏర్పడిన తరువాత ఈ కళ ఇంటింటి బల్లపైకి వచ్చినది. వెండి సమృద్ధిగా కలిపిన కడ్డీలును అంగడికి వచ్చినవి. నేటి శిల్పి మట్టిపూత పూసిన స్టీలు ఊచపై, ప్రొపేను, ఆమ్లజని కలిసిన జ్వాలలో ఈ గాజును చుట్టును. ఈ కడ్డీలలో ఒక జాతి ఆమ్లజనిని తగ్గించిన జ్వాల తగిలినంతనే పైపొరలో వెండి తేలి అద్దమువలె మెఱయును; క్షణకాలము మితిమీఱినచో ఆ మెఱపు మసి పట్టినట్లగును. మఱియొక జాతిని బాగుగా కరగించి, కొంత చల్లార్చి, మరల మెల్లగా కాచవలెను. చల్లార్పువేళ అంకురించిన రేణువులు కాపువేళ పెరుగుటచేత కపిలము, నీలము, ఊదా, ఆకుపచ్చ వన్నెలు తొంగిచూచును. కోరిన వన్నెను నిలుపుటకు సమయజ్ఞానము తప్ప శరణ్యము లేదు. గంధకము కలిగిన దంతవర్ణపు గాజుపై వెండిగాజును పెట్టినచో, వెండినగకు నలుపు పట్టించు ఆ రసాయనమే ఇచ్చట సరిహద్దున ముదురురేఖను గీయును. ఇన్నిటికిని పిమ్మట పూసను సుమారు 500 డిగ్రీల కొలిమిలో నుంచి తిన్నగా చల్లార్చనిచో అది పగులును.

నేరీ పాళ్లను బయటపెట్టెను. గుస్టావ్ మీ గణితమును బయటపెట్టెను. కర్మాగారము రెంటిని కడ్డీలోనే బిగించి యమ్ముచున్నది. అయినను ఒకే కడ్డీ ఇద్దరి చేతులలో రెండు రంగులిచ్చుచుండుట, నిప్పును మలచు నేర్పును ఏ గ్రంథమును సంపూర్ణముగా అప్పగింపలేకపోవుటకు సాక్ష్యము. కావున ఈ కళాచరిత్రమున గొప్పవారు లోహమును కనుగొన్నవారు గాక, గాలిని ఎప్పుడు తగ్గింపవలెనో తెలిసికొని, ఆ తెలివిని ప్రక్కన కూర్చున్న శిష్యునకు చేతితో చూపినవారే.