ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి ట్యాబ్‌ల పథకం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వారికి పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు 2022, 2023లలో ఉచితంగా ట్యాబ్‌లు ఇచ్చిన పథకం ఇది. పరికరం శామ్‌సంగ్‌ది, అందులోని పాఠాలు బెంగళూరు కేంద్రంగా పనిచేసే బైజూస్‌వి. ఆ కంపెనీ తర్వాత దివాలా ప్రక్రియలో పడటంతో, ప్రభుత్వ బడి పాఠం ప్రైవేటు సంస్థ చేతిలో ఉంటే ఏమవుతుందన్న చర్చలో ఈ పథకం పేరు తరచూ వినిపిస్తుంది.

మొదట అనుకున్నది ల్యాప్‌టాప్. 2021 జనవరి 11న నెల్లూరులో, పిల్లలను బడికి పంపే తల్లులకు నగదు ఇచ్చే అమ్మఒడి పథకం రెండో విడత ప్రారంభిస్తూ, 9 నుంచి 12వ తరగతి వరకు చదివే పిల్లల తల్లులు 15,000 రూపాయల నగదుకు బదులు ల్యాప్‌టాప్ కోరుకోవచ్చని అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ప్రకటించారు. కరోనా కాలం, ప్రపంచమంతా చిప్‌ల కొరత. అమ్మఒడి సొమ్ములో మంచి ల్యాప్‌టాప్ ఇమడటం కష్టమే. చివరికి ఆ ల్యాప్‌టాప్‌లు పిల్లల చేతికి రాలేదు.

2022 జూన్ 16న రాష్ట్ర ప్రభుత్వం బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబర్ 21న, ముఖ్యమంత్రి పుట్టినరోజున, బాపట్ల జిల్లా చుండూరు మండలం యడ్లపల్లిలో పంపిణీ మొదలైంది. 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబ్‌లు. ఖర్చు 686 కోట్ల రూపాయలు. అంటే ఒక్కోటి పదమూడు వేల పైచిలుకు. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత: 4,34,185 ట్యాబ్‌లు, 620 కోట్లు. పాఠాలను బైజూస్ ఉచితంగా ఇచ్చింది. ప్రభుత్వ ప్రచారంలో మాత్రం వాటికే విద్యార్థికి 15,000 రూపాయలకు పైగా విలువ కట్టారు. ఉచితంగా వచ్చినదాన్ని లబ్ధి లెక్కలో చేర్చడం సరైనదేనా అన్నది వేరే సంగతి.

ఎనిమిదో తరగతినే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇంగ్లిష్ మీడియంలోకి మారిన ఆ పిల్లలే 2025లో పదో తరగతి సీబీఎస్‌ఈ పద్ధతిలో రాయాలన్నది అప్పటి ఆలోచన. ట్యాబ్ ఆ మూడేళ్లూ వెంట ఉంటుంది. 8.7 అంగుళాల తెర, ముందే నింపిన మెమరీ కార్డు, చదువుకు సంబంధించనివి తెరుచుకోకుండా తాళం, మూడేళ్ల వారంటీ. పాడైతే గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఇస్తే వారంలో బాగుచేసి ఇవ్వాలన్నది అప్పటి నియమం. చింతపల్లి వంటి మన్యంలో సిగ్నల్ ఎప్పుడుంటుందో తెలియదు కాబట్టి కార్డులో పాఠాలు పెట్టడమే ఈ పథకంలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం.

పొరుగు రాష్ట్రాల దారి వేరు. తమిళనాడులో జయలలిత 2011 సెప్టెంబర్ 15న ప్రారంభించిన పథకం ప్లస్ టూ పిల్లలకు ల్యాప్‌టాప్ ఇచ్చింది. బడి దాటి కాలేజీకి పనికొచ్చే వస్తువు అది. కర్ణాటక ప్రభుత్వం ఎక్కువగా డిగ్రీ స్థాయిపై దృష్టి పెట్టి, 2021 జూన్‌లో ప్రభుత్వ కళాశాలల్లోని 1.55 లక్షల మంది విద్యార్థులకు ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. ల్యాప్‌టాప్‌లో పిల్లవాడు వ్యాసం టైపు చేయగలడు, ప్రోగ్రామ్ రాయగలడు. తాళం వేసిన ట్యాబ్‌లో ప్రధానంగా చూడటమే.

చవక కంప్యూటర్ కల బైజూస్ కేంద్రమైన బెంగళూరుకు పాతదే. భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ కలిసి రూపొందించిన సింప్యూటర్ 2004లో 'అమిడా' పేరుతో మార్కెట్‌కు వచ్చి, అమ్ముడుపోక నిలిచిపోయింది. బైజూస్ దారి దీనికి తలకిందులు: పరికరం ఎవరిదైనా సరే, పాఠం అమ్మడం దాని వ్యాపారం. బైజు రవీంద్రన్, దివ్య గోకుల్‌నాథ్ 2011లో స్థాపించిన ఆ సంస్థ విలువ 2022లో 2,200 కోట్ల డాలర్లు.

2024 జూలై 16న జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ బెంగళూరు బెంచ్, క్రికెట్ బోర్డు బకాయిల ఫిర్యాదు మేరకు బైజూస్‌పై దివాలా ప్రక్రియకు అనుమతించింది. అప్పిలేట్ ట్రైబ్యునల్ దాన్ని ఆపినా, అక్టోబర్ 23న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. దివాలా ప్రక్రియ మొదలవడానికి నెల ముందే, జూన్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. సీబీఎస్‌ఈ నిర్ణయాన్ని కూడా వెనక్కి తీసుకున్నారు. కార్డులోని పాఠం నెట్ లేకున్నా నడుస్తుంది, కానీ పాఠ్యపుస్తకం మారినప్పుడు దాన్ని మార్చేందుకు తయారుచేసినవాళ్లు ఉండాలి.