చక్రం పెరిగినకొద్దీ

బండి ఎత్తు పెరిగితే చాలు, ఏ గుంటనైనా దాటుతుందనుకుంటాము. పికప్ ట్రక్కు విషయంలో ఇది సగమే నిజం. సస్పెన్షన్ లేపితే పైనున్న ఛాసిస్ లేస్తుంది గాని, రెండు చక్రాలను కలిపే ఇరుసు ఉన్నచోటనే ఉంటుంది. దానిని నేల నుంచి లేపేది టైరొక్కటే. టైరు వ్యాసం 31 అంగుళాల నుంచి 35కు పెరిగితే ఇరుసు కింద దక్కేది 2 అంగుళాలు. సస్పెన్షన్ ఎత్తు ముఖ్యంగా ఆ టైరుకు చోటివ్వడానికే.

ఈ లెక్కను చివరిదాకా లాగినవాడు బాబ్ చాండ్లర్. అమెరికాలో సెయింట్ లూయిస్ ప్రాంతపు భవన నిర్మాణ కాంట్రాక్టరు. ఆయన బండి 1974 నాటి ఫోర్డ్ ఎఫ్-250. విడిభాగాలు దొరకక 1975లో తానే దుకాణం తెరిచాడు. పెద్ద టైరు వేస్తే ఇరుసు విరిగేది. సైనిక వాహనపు ఇరుసు బిగిస్తే, అది ఇంకా పెద్ద టైరును మోసేది. అలా 48 అంగుళాలకు చేరిన ఆ 'బిగ్‌ఫుట్' 1981లో ఒక పొలంలో పాత కార్ల మీదుగా నడిచింది. రెండవ బిగ్‌ఫుట్‌కు 66 అంగుళాలు. 1986 నాటి ఐదవదానికి, అమెరికా సైన్యం అలాస్కాలో వాడిన 'లాండ్ ట్రెయిన్' తాలూకు 10 అడుగుల టైర్లు!

ప్రదర్శనకు హద్దు లేదు, రహదారికి ఉంది. ఎత్తుతోబాటు గరిమనాభి పైకిపోయి మలుపులో బోల్తాపడే ముప్పు పెరుగుతుంది. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకులు, తిప్పడానికి గేర్లు తడబడతాయి. చాండ్లర్ ప్రతి అంగుళానికీ ఇరుసు రూపంలో మూల్యం చెల్లించాడు. ఆ మూల్యం చెల్లించక టైరు మాత్రమే కొనడం, పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే కదా!