మూడు నియమాల వెల

ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థి, "గంజి కోసం మతం మారినవాళ్ల చరిత్ర మనకెందుకండీ?" అని అడిగాడు. ఆ మాట కొత్తది కాదు. చిన్ననాట నేనూ విన్నాను, నమ్మాను కూడా. ఒంగోలు బాప్టిస్టు మిషను చరిత్ర చదివాక ఆ నమ్మకం నిలవలేదు.

1840లో శామ్యూల్ డే నెల్లూరులో నెలకొల్పిన ఈ అమెరికన్ మిషనుకు పాతికేళ్లలో దక్కిన ఫలితం స్వల్పం. దానిని మూసివేయాలని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. ఆ ఏడే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. పేరయ్య మాదిగ, అంతకుముందే యోగసాధన చేసి, శిష్యులను సంపాదించుకున్నవాడు. మాదిగలు సంఘంలో చేరగానే క్లౌ పాఠశాలలోని అగ్రకులాల పిల్లలు వెళ్లిపోయారు. పట్టణంలోని పెద్దల ఆదరణ అంతటితో సరి.

అసలు కష్టం పల్లెల్లో మొదలైంది. సంఘంలో చేరినవారికి నియమాలు మూడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. చూడడానికి ఇవి మతనియమాలే. కాని ఆనాటి గ్రామవ్యవస్థ ఏ కీళ్లమీద నిలిచిందో సరిగ్గా అక్కడే తగిలాయి. మాదిగ చెప్పులు కుట్టాలి, మోటకు తోలు తిత్తులు చేయాలి, జాతరలో డప్పు కొట్టాలి. ప్రతిఫలం కళ్లంలో ఇచ్చే మేర. కోతల రోజున ఆదివారం పనికి రానన్నవాడు, జాతరలో డప్పు ముట్టనన్నవాడు ఆ కట్టుబాటునే కాదన్నట్టు. అందుకే ఊరిపెద్దలు కొట్టించారు, నీళ్లకు అడ్డుపడ్డారు, మేర ఆపారు. అయినా పేరయ్య పల్లె పల్లె తిరిగి బోధించడం మానలేదు.

ఇక గంజి సంగతి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. ఆ కూలి సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. కూడు చూపి చేర్చుకున్నాడన్న నింద పడకూడదని! కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువుకు ముందే ఆ సంఘంలో మూడువేల మందికి పైగా ఉన్నారని మరవరాదు.

కరువులో ఆదుకున్నవారిపై నమ్మకం కుదిరిందనడంలో తప్పులేదు. తమను మనుషులుగా చూసిన చోటికి మనుషులు పోవడం సహజం. అలాగని సర్వం దొర ఘనతేననడమూ సరికాదు. ఊరి దెబ్బలు తిన్నది దొర కాదు. ఆయన పేరు పుస్తకాలకెక్కింది. పేరయ్యలాంటి ఇద్దరు ముగ్గురిని విడిస్తే, తక్కినవారు లెక్కలో అంకెలుగా మిగిలారు. చర్చిలో చేరినంతమాత్రాన కులం పోలేదన్నదీ నిజమే.

ఆ విద్యార్థికి నేనిచ్చిన జవాబు ఒక్కటే: "గంజి కోసమే అయితే, ఆ మేర పోగొట్టుకోవడమెందుకు నాయనా?"