లోపం చెప్పని అమ్మకం: మదీనా బజారు నుండి పాత బండ్ల దుకాణం వరకు

 



గత మాసంలో ఒకనాడు అసర్ నమాజు తరువాత ఇద్దరు మా వద్దకు వచ్చారు. ఇద్దరూ మన జమాఅత్ వారే. ఒకరు పాత మోటారు సైకిళ్లు కొని అమ్మే వ్యాపారి. రెండవవాడు ఆయన వద్ద 42,000 రూపాయలకు బండి కొన్న యువకుడు. ఇంటింటికీ సరుకులు చేరవేసే పని కోసం అప్పు చేసి కొన్నాడు. మీటరు 18,000 కిలోమీటర్లు చూపుతున్నది. పది దినాలకే హ్యాండిల్ ఒక వైపుకు లాగడం మొదలుపెట్టింది. మెకానిక్ విప్పి చూస్తే ముందు ఫోర్కు వంగితే సరిచేసిన గుర్తులు, ఛాసిస్‌పై వెల్డింగ్, దాని మీద కొత్త రంగు కనిపించాయి. మీటరు కూడా మార్చినదే.

వ్యాపారి వాదన ఇది: తాను అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అతడు అడగలేదు, తాను చెప్పలేదు. పైగా కాగితం మీద, బండిని ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నానని రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. ఇందులో తన తప్పేమిటని ఆయన మమ్మల్ని అడిగారు. ఆ వాదనను మేము తేలికగా తీసుకోలేదు. మన ధర్మశాస్త్ర గ్రంథాలలో ఆయనకు కొంత ఆధారం దొరుకుతుందని మాకు తెలుసు. అందుకే వారం రోజులు గడువు అడిగి, పాత పుటలు తిరగవేశాము.

మొదట మదీనాకు వెళదాం. సహీహ్ ముస్లింలో ఉన్న ఆ సంఘటన మీరందరూ విన్నదే. మహాప్రవక్త (స) ఒక ధాన్యపు రాశి వద్ద ఆగి అందులోకి చేయి చొప్పించారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడి తడిసిందని యజమాని చెప్పాడు. జనానికి కనబడేటట్టు తడిసిన దానిని పైన ఎందుకు పెట్టలేదని వారు ప్రశ్నించి, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. ఇక్కడ ఒక విషయాన్ని మనం సాధారణంగా గమనించకుండా దాటిపోతాము. ఆ మనిషి అబద్ధం చెప్పినట్టు హదీసులో లేదు. వాన అతని నేరం కాదు. అడిగిన వెంటనే నిజమే చెప్పాడు. అయినా మోసమన్న మాట పడింది. తడి ధాన్యం అడుగున, పొడి ధాన్యం పైన ఉన్న ఆ అమరికే కొనుగోలుదారుతో మాట్లాడుతున్నది. వెల్డింగ్ మీద వేసిన రంగు కూడా అలాగే మాట్లాడుతుంది.

ఇక మీటరు సంగతి. ఒంటెను, మేకను అమ్మే ముందు కొన్ని దినాలు పాలు పిండకుండా ఆపి, పొదుగు నిండుగా కనబడేలా చేసే అలవాటు అరబ్బులలో ఉండేది. దీనిని ప్రవక్త (స) నిషేధించారు. అలా మోసపోయినవాడు పాలు పిండి చూచిన తరువాత, ఇష్టమైతే ఉంచుకోవచ్చు, లేదా ఒక సా ఖర్జూరాలతో సహా పశువును తిరిగి ఇవ్వవచ్చు. ఈ హదీసు ప్రకారం పశువును తిప్పి పంపే హక్కు ఎంతవరకు ఉన్నదనే దానిపై మన హనఫీ పండితులకూ ఇతరులకూ నడుమ సుదీర్ఘమైన చర్చ ఉంది. మదర్సాలో మా ఉస్తాదు దీని మీద పాఠం మొదలుపెడితే జుహర్ వేళ దాటిపోయేది. కానీ ఆ పని హరామ్ అన్న విషయంలో ఎవరికీ భేదం లేదు. పొదుగు కట్టడం, మీటరు వెనక్కి తిప్పడం ఒకే పని. రెండూ వస్తువు చేత అబద్ధం చెప్పిస్తాయి.

మరొక సంఘటన ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఒక వ్యక్తి హజ్రత్ వాసిలా బిన్ అస్‌ఖా (ర) ఇంటి నుండి ఒక ఆడ ఒంటెను కొని తీసుకువెళుతున్నాడు. వాసిలా (ర) వెనుక నుండి వచ్చి, దీనిలో ఏముందో నీకు చెప్పారా అని అడిగారు. తరువాత, దీనిని ప్రయాణానికి కొన్నావా, మాంసానికి కొన్నావా అని అడిగారు. హజ్‌కు వెళ్లడానికని అతడు చెప్పగా, దాని పాదం అరిగి చిల్లు పడి ఉన్నదని వెల్లడించారు. బేరం చెడగొడుతున్నారని అమ్మినవాడు నొచ్చుకున్నాడు. అప్పుడు వాసిలా (ర) ప్రవక్త (స) నుండి తాము విన్నది చెప్పారు: వస్తువులోని లోపం వివరించకుండా అమ్మడం ధర్మసమ్మతం కాదు, తెలిసినవాడు చెప్పకుండా ఊరుకోవడమూ ధర్మసమ్మతం కాదు.

ప్రయాణానికా, మాంసానికా అన్న ప్రశ్నను చూడండి. మాంసానికైతే పాదంలోని చిల్లు లెక్కలోనికి రాదు. మక్కా వరకు నడవాలంటే అదే ప్రాణాంతకం. విడిభాగాల కోసం బండి కొనేవానికి వంగిన ఛాసిస్ వల్ల పెద్ద నష్టం లేదు. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగేవానికి అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ మాటలలో రెండవ భాగం అమ్మేవానికే పరిమితం కాదు. ఆ బండికి ఫోర్కు సరిచేసిన మెకానిక్‌కు, రంగు వేసినవానికి, మధ్యవర్తికి కూడా అది వర్తిస్తుంది.

ఇప్పుడు 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న మాటకు వద్దాం. ఇది కొత్త మాట కాదు. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో నమోదైన వృత్తాంతం ఇది. ఆనాడు బానిసల క్రయవిక్రయాలు లోకమంతటా ఉండేవి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర) ఒక బానిసను 800 దిర్హములకు అమ్మారు. ఏ లోపానికీ తాము బాధ్యులం కామన్న షరతుతో అమ్మారు. కొన్నవాడు, ఇతనికి రోగం ఉంది, నాకు చెప్పలేదని ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (ర) వద్ద ఫిర్యాదు చేశాడు. ఇబ్నె ఉమర్ (ర) తమ షరతును చూపారు. ఉస్మాన్ (ర) తీర్పు ఏమిటంటే, అమ్మేనాటికి ఆ రోగం సంగతి తనకు తెలియదని ఆయన ప్రమాణం చేయాలి. ఇబ్నె ఉమర్ (ర) ప్రమాణానికి సమ్మతించక బానిసను తిరిగి తీసుకున్నారు. తరువాత అతడు ఆరోగ్యవంతుడై 1,500 దిర్హములకు అమ్ముడయ్యాడు. ఆ తీర్పులో షరతు పూర్తిగా కొట్టివేయబడలేదు. అది తెలియని లోపం నుండి అమ్మేవానిని కాపాడుతుంది. తెలిసిన లోపాన్ని దాచడానికి మాత్రం తెర కాజాలదు.

ఈ విషయంలో మన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మార్గం భిన్నం. ఇరువురూ ఒప్పుకున్న అటువంటి షరతు వారి ఫిఖ్‌హ్‌లో చెల్లుతుంది. మన వ్యాపారికి ఆధారం అన్నది దీనినే. అయితే వారు స్వయంగా కూఫాలో బట్టల వర్తకులు. ఒక బట్టలో లోపం ఉందని, అమ్మేటప్పుడు అది చెప్పాలని భాగస్వామి హఫ్స్‌కు చెప్పి సరుకు పంపారు. ఆయన మరచిపోయి చెప్పకుండా అమ్మేశారు. కొన్నదెవరో కూడా గుర్తులేదు. సంగతి తెలిసిన ఇమామ్ గారు ఆ సరుకు సొమ్మంతా దానం చేసేశారు. లోపమున్నది ఒక బట్టలో, వదులుకున్నది మొత్తం సొమ్ము! కాజీ ముందు చెల్లే షరతు వేరు, అల్లాహ్ ముందు నిలిచే లావాదేవీ వేరు. హనఫీ గ్రంథాలే సరుకులోని లోపం దాచడం హలాల్ కాదని స్పష్టంగా రాశాయి.

అయినా పూర్వులు అంతా వ్యక్తుల భక్తి మీదే వదిలివేయలేదు. బజారుకు ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. 12వ శతాబ్దిలో సిరియా ప్రాంతపు షైజరీ ఈ అధికారుల కోసం రాసిన గ్రంథంలో బానిసల, పశువుల దళారులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అమ్మేవాడెవరో తెలియకుండా దళారి బేరం నడపరాదు. అతని పేరు, గుర్తులు దఫ్తరులో రాసుకోవాలి, ఎందుకంటే అమ్ముతున్నది దొంగిలించినది కావచ్చు. తెలిసిన లోపం కొనేవానికి చెప్పాలి. మన దేశంలో 2022 డిసెంబరులో మోటారు వాహన నియమాలను సవరించి, 2023 ఏప్రిల్ 1 నుండి పాత బండ్ల డీలర్లకు అధికార పత్రం, చేతికి వచ్చిన బండి వివరాలు పోర్టల్‌లో తెలపడం, బండి ఎక్కడికి తిరిగిందో రిజిస్టరులో రాయడం వంటివి విధించారు. ఆ దఫ్తరే మళ్లీ తెరుచుకున్నట్టు మాకు తోచింది. కానీ ఈ నియమాల దృష్టి ప్రధానంగా బండి ఎవరి చేతిలో ఉన్నదన్న దాని మీదే. దానికి ఏమి జరిగిందో చెప్పే భారం ఇంకా మనిషి నోటి మీదే ఉంది.

మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనూ ఒక గుర్రం కథ ఉంది. జబ్బు గుర్రమని తెలిసీ ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మితే, ఆ మౌనం మాత్రమే మోసం కాదని పదిహేడవ సెక్షను ఉదాహరణ చెబుతుంది. కొనేది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన సొంత కుమార్తె అయితే మాత్రం, ఆ బంధం వల్ల చెప్పడం విధి అవుతుంది. నీవు కాదనకపోతే గుర్రం మంచిదే అనుకుంటానని కొనేవాడు అంటే, అప్పుడు మౌనం మాటతో సమానం. ఈ మూడవ ఉదాహరణను మన యువకులు గుర్తుంచుకోవాలి. బండికి ప్రమాదం జరిగిందా, మీటరు అసలుదేనా అని సాక్షుల ముందు అడగండి. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లండి. ఆర్.సి. మీది ఛాసిస్, ఇంజను నంబర్లు బండి మీద ఉన్నవాటితో పోల్చండి. ఫైనాన్సు బాకీ, చలాన్లు ఉన్నాయేమో చూడండి. లోపం తెలిశాక ఇంకా సొంత బండిలా వాడుకుంటే, ఫిఖ్‌హ్ ప్రకారం తిరిగి ఇచ్చే హక్కు పోతుంది. తిప్పి ఇవ్వడానికో, నీరు పెట్టడానికో పశువునెక్కితే పోదని హిదాయాలో ఉంది. పెట్రోలు బంకు వరకు వెళ్లడం దాని కిందికే వస్తుందని మా అభిప్రాయం.

రెండవ ఉదాహరణ వ్యాపారికి చదివి వినిపించాము. ప్రతి జుమాకు భుజం కలిపి నిలబడే ఇద్దరి మధ్య ఉన్నది వేలంపాటలోని బంధమా, లేక మరొకటా అని అడిగాము. జవాబు రాలేదు. మస్జిద్‌లో ఆయన చేత ప్రమాణం చేయించమని యువకుని తండ్రి కోరారు. మేము ఒప్పుకోలేదు. ఇబ్నె ఉమర్ (ర) వృత్తాంతం మాత్రం పూర్తిగా చెప్పి పంపాము.

మూడవ దినం బండి దుకాణానికి, డబ్బు యువకునికి చేరాయి. వాడుకున్న దినాలకని 1,000 రూపాయలు తగ్గించుకున్నారు, యువకుడు ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం వ్యాపారి ఫోను చేసి, దీనిని ఇప్పుడు ఎలా అమ్మమంటారు, ఎవరు కొంటారు అని అడిగారు. స్వరంలో కోపం ఉంది. ఆ కోపాన్ని మేము అర్థం చేసుకున్నాము. ఆయనకు ఆ బండి అమ్మినవాడు కూడా ఏమీ చెప్పలేదట. ఫోర్కు, ఛాసిస్, మీటరు సంగతి మూడు పంక్తులలో రాసి హ్యాండిల్‌కు కట్టమన్నాము. నిన్న ఇషా తరువాత అటుగా వెళ్లినప్పుడు చూశాము. బండి ఇంకా దుకాణం ముందే ఉంది, కాగితం కట్టి ఉంది. ధర 26,000 అని వేశారు.