విచర్: ఒక డబ్బింగ్ కంపెనీ తీసిన స్ట్రెయిట్ సినిమా

సర్వీసు కంపెనీలు ఎప్పటికైనా ప్రొడక్టు చెయ్యగలవా అన్న చర్చ మన ఆఫీసు క్యాంటీన్లలో టీ చల్లారిపోయేదాకా సాగుతుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను చెప్పే ఉదాహరణ ఒక వీడియో గేము: 2007 అక్టోబరులో వచ్చిన 'ద విచర్'. ఇప్పుడు విచర్ అంటే 2015లో వచ్చిన మూడో భాగమో, నెట్‌ఫ్లిక్స్ సీరియలో గుర్తొస్తాయి కానీ మొదటిదాన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. చరిత్ర మాత్రం దానిదే బావుంటుంది.

దాన్ని చేసిన సీడీ ప్రొజెక్ట్ పోలండు కంపెనీ. 1994లో మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అనే ఇద్దరు స్కూలు స్నేహితులు మొదలుపెట్టారు. పని ఏమిటంటే బయటి దేశాల గేముల సీడీలు తెచ్చి అమ్మడం. అప్పట్లో వార్సాలో దొంగ సీడీలు బజార్లో కుప్పలుపోసి అమ్మేవారు. అసలు సీడీ ఎవడు కొంటాడు? వీళ్ళకి తట్టిన ఉపాయం 1999లో 'బాల్డుర్స్ గేట్'ని పూర్తిగా పోలిష్‌లోకి దింపడం. పేరున్న నటుల చేత డబ్బింగ్ చెప్పించి, పెట్టెలో మ్యాపు, పాటల సీడీ కూడా పెట్టి అమ్మారు. బాగా ఆడింది. దొంగ సీడీవాడు ఇవ్వలేనిది ఇస్తే జనం డబ్బులు పెడతారని అక్కడ తేలింది.

తర్వాత 'డార్క్ అలయన్స్' అనే మరో గేముని పీసీకి మార్చే కాంట్రాక్టు వచ్చింది, మధ్యలో ఆగిపోయింది. చేతిలో ప్రోగ్రామర్లు ఉన్నారు, పని లేదు. మన భాషలో చెప్పాలంటే టీమ్ మొత్తం బెంచి మీద ఉందన్నమాట. సరే, మనదే ఒకటి చేద్దాం అనుకున్నారు.

కథ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆంజెయ్ సప్కోవ్‌స్కీ 1986లో 'ఫంతాస్తికా' పత్రికలో రాసిన విచర్ కథ, ఆ తర్వాతి పుస్తకాలు అక్కడ ఇంటింటా తెలిసినవే. ఆయన వాటా వద్దని ఒకేసారి డబ్బు తీసుకుని హక్కులిచ్చేశాడు. గేములు బ్రహ్మాండంగా ఆడాక 2018లో 6 కోట్ల జ్లోటీలు అడిగాడు, 2019 డిసెంబరులో కొత్త ఒప్పందం కుదిరింది. స్టాక్ ఆప్షన్లు వద్దని జీతం పెంచమన్నవాళ్ళకి ఈ బాధ బాగా అర్థమవుతుంది.

తొలి డెమో పట్టుకుని యూరప్‌లో పబ్లిషర్ల చుట్టూ తిరిగితే ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని పారేసి, బయోవేర్ వాళ్ళ అరోరా ఇంజన్ లైసెన్సు తీసుకున్నారు. అది 2002 నాటి 'నెవర్‌వింటర్ నైట్స్' కోసం కట్టిన ఇంజన్. అందులో ఊళ్ళూ అడవులూ ముందే చేసిపెట్టిన గడులు పేర్చి కడతారు. వీళ్ళకి కావలసింది బురద, వాన, వంకర వీధులు. అందుకని బొమ్మ గీసే భాగాన్ని కొత్తగా రాసుకున్నారు. పాత కోడ్‌బేస్ మీద మేడ కట్టినవాళ్ళకి మిగతా కథ చెప్పక్కర్లేదు. ప్రతి ఇంటి తలుపు దగ్గరా లోడింగ్. పది వీధుల్లో అదే ముసలమ్మ, అదే లావుపాటి వ్యాపారి. కత్తియుద్ధం అంటే సరైన క్షణంలో మౌసు నొక్కడం, అంతే. రెండో అధ్యాయంలో చిత్తడి నేలకీ ఊరికీ మధ్య తిరిగి తిరిగి కాళ్ళు పడిపోతాయి (గెరాల్ట్‌వి కాదు, మనవి).

వీటిని క్షమించొచ్చు గానీ పేకముక్కల సంగతి వేరు. గెరాల్ట్ ఏ ఆడమనిషితో గడిపినా ఆమె బొమ్మతో ఒక కార్డు చేతికొస్తుంది, పోగేసుకోవాలి. 'పెద్దలకు మాత్రమే' అని అట్ట మీద వేసి పదిహేనేళ్ళ కుర్రాడి సరదా లోపల పెట్టారు. అమెరికా కాపీలో ఆ బొమ్మలకి బట్టలు కప్పారట్లెండి, సమస్య బట్టలది కాదు.

విచిత్రమేమిటంటే నిజంగా పెద్దలకు తగిన సరుకు అదే గేములో పుష్కలంగా ఉంది. మొదటి అధ్యాయంలో ఊరి మీద ఒక మృగం పడుతుంది. ఊరంతా కలిసి అబిగైల్ అనే మందులమ్మే ఆమె మంత్రగత్తె, ఆమె వల్లే అంటారు. తవ్వుకుంటూ పోతే పెద్దమనుషుల్లో ఒకడు అన్నని చంపినవాడు, ఒకడు పిల్లని చెరిచినవాడు. అబిగైల్ కూడా ఆ పిల్లకి విషం అమ్మింది. ఆమెని వాళ్ళకి వదిలేస్తారా, కత్తి దూస్తారా? మంచివాడెవడో చూపించే రంగు ఏదీ తెర మీద ఉండదు.

అదే ఊళ్ళో నది ఒడ్డున పెట్టెలకి కాపలా కాస్తుంటే, మనుషుల మీద తిరగబడ్డ ఎల్ఫులు వచ్చి అవి మావి అంటారు. పాపం అని ఇచ్చేశారనుకోండి. చాలా గంటల తర్వాత, నగరంలో మీకు అవసరమైన మనిషి ఒకడు వాళ్ళ చేతిలో చచ్చి పడుంటాడు. పాత సేవ్ లోడ్ చేద్దామంటే అరవై మైళ్ళ వెనకుంటుంది. ఆ దూరం కావాలనే పెట్టారు. అన్‌డూ లేని గేము కట్టడానికి ఇంతకంటే తేలిక దారి నాకు తోచదు.

నాలుగో అధ్యాయం సరస్సు పక్క పల్లె. అక్కడ అసూయతో అక్కచెల్లెళ్ళలో ఒకరు రెండోవాళ్ళని చంపితే, చచ్చిన పెళ్ళికూతురు మిట్టమధ్యాహ్నం పొలాల్లో దయ్యమై తిరుగుతుంది. ఇది స్వోవాత్‌స్కీ 1839 నాటి నాటకం 'బల్లదినా' నీడ. పోలండు పిల్లలు బళ్ళో చదువుకునేది. మిట్టమధ్యాహ్నం చేల గట్ల మీద తిరగొద్దని మా అమ్మమ్మా అనేది, అందుకేనేమో ఆ భాగం నాకు పరాయిగా అనిపించలేదు.

డబ్బింగ్‌తో పైకొచ్చిన కంపెనీకి తన సొంత గేము ఇంగ్లీషు డబ్బింగే తలవంపులు తెచ్చింది. సంభాషణలు కత్తిరించి, ముక్కలు ముక్కలుగా ఉండేవి. 2008 సెప్టెంబరులో 'ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్' తెచ్చారు. ఇంగ్లీషు మాటలు చాలావరకు తిరగరాసి, మళ్ళీ రికార్డు చేసి, లోడింగ్ తగ్గించి, కొత్త కదలికలు వేసి, పాతది కొన్నవాళ్ళకి ఉచితంగా ఇచ్చారు. బగ్గుకి బిల్లు వేసే లోకంలో ఇది చిన్న విషయం కాదు. తర్వాత కన్సోలుకి మార్చే పని ఒక ఫ్రెంచి సంస్థకి అప్పజెప్పారు, అది 2009లో మూలపడింది. కంపెనీ మునిగినంత పనైంది. 2011లో రెండో భాగం వచ్చాకే ఊపిరి పీల్చుకున్నారు.

2022లో ఈ మొదటి భాగాన్నే అన్‌రియల్ ఇంజన్ 5 మీద మళ్ళీ కడతామని ప్రకటించారు. తలుపుల దగ్గర లోడింగ్ తీసేయండి, కార్డులు తగలెయ్యండి, ముసలమ్మలకి తలో మొహం ఇవ్వండి. ఆ నది ఒడ్డు పెట్టెల జోలికి మాత్రం వెళ్ళకండి బాబూ.