చేతులు మారిన దుర్భిణి

అమ్మమ్మ నాటి ఇత్తడి బిందెను పాతదని మనం పారేయం కదా? చింతపండుతో తోమితే మళ్ళీ తళతళలాడుతుంది. అలాగే ముసలిదైనా పని మానని ఒక దుర్భిణి కథ ఈవేళ చెప్పుకుందాం.

అవిభక్త బెంగాలులో, జెస్సోరు దగ్గరి బాగ్చర్ గ్రామంలో 1878లో రాధాగోవింద చంద్రగారు పుట్టారు. ఎంట్రన్సు పరీక్ష మూడుసార్లు తప్పారు. చివరకు సర్కారు ఖజానాలో చిన్న ఉద్యోగం దొరికింది. పగలు రూపాయల లెక్క, రాత్రి నక్షత్రాల లెక్క! 1912లో మూడంగుళాల దుర్భిణి ఒకటి ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నారు. 1918లో గరుడ మండలంలో అకస్మాత్తుగా వెలిగిన కొత్త తారను చూసి, ఆ వివరాలు రాసి పెట్టారు. అవి హార్వర్డు వేధశాలకు చేరాయి. ఆ పరిచయంతోనే అమెరికాలోని చరతారల పరిశీలకుల సంఘంలో చేరారు.

చరతారలంటే వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే తారలు. వెలుగు ఎంతో ముందే తెలిసిన పక్క తారలతో పోల్చి, దీనికంటే ఎక్కువ, దానికంటే తక్కువ అని కంటితోనే అంచనా కట్టాలి. రెండు చీరలు పక్కపక్కన పెట్టి రంగులో తేడా పట్టడం మనకేమీ కొత్త కాదు గదా! అయితే ఒక్కరాత్రి చూస్తే చాలదండీ, ఏళ్ళ తరబడి చూడాలి. అమెరికాలో పగలైనప్పుడు మనకు రాత్రి. అందుకని ఇక్కడి లెక్కలు వారికి ఎంతో అక్కరకొచ్చేవి.

1926లో ఆ సంఘం, చార్లెస్ ఎల్మర్ గారి ఆరంగుళాల పైచిలుకు దుర్భిణిని ఆయనకు ఎరువిచ్చింది. 1947లో దేశం చీలి, జెస్సోరు పాకిస్తానులో పడింది. ఆయన పుట్టినూరు వదిలి పశ్చిమ బెంగాలు చేరారు. పరిశీలన మాత్రం వదల్లేదు. 1919 నుంచి 1954 దాకా ఆయన రాసిన పరిశీలనలు 37,000కు పైమాటే!

వయసు మీద పడ్డాక ఆ ఎరువు సొత్తును ఇంట్లో దాచుకోలేదు. అది వేణు బప్పు గారి చేతికి వెళ్ళింది. బప్పుగారి తండ్రి మన హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేశారు. కొడుకు అక్కడే తారలు చూస్తూ పెరిగారు. ఆపైన ఆ దుర్భిణి తమిళనాడులోని కావలూరు వేధశాలకు చేరింది.

మీ ఇంట అబ్బాయో అమ్మాయో పాత దుర్భిణి తెచ్చుకుంటే, చోటు లేదని విసుక్కోకండి. కటకాన్ని పైట చెంగుతో తుడవకండి, గీతలు పడతాయి. మూతపెట్టి, చెమ్మ తగలని చోట ఉంచండి. చూసిన ప్రతిదీ తేదీ, వేళ వేసి రాయించండి. పాలపద్దు రాసే చేతికి అదేం పెద్ద పని కాదు!